అశ్వహృదయం

ఈ సావనీరుకు ఏదైనా రాయమని విద్యార్థి సంఘం కార్యదర్శి ఫోన్ చేసినప్పుడు, "ఏం రాయను బాబూ? గేదెల గొంతువాపు గురించి రాస్తే మీవాళ్ళు చదువుతారా?" అన్నాను. "మీకు బాగా తెలిసింది ఏదైనా సరే సార్" అన్నాడతను. ఫోన్ పెట్టేసి ఆలోచనలో పడ్డాను. ముప్ఫై ఏళ్ళకు పైగా పశువైద్యుడిగా పనిచేసి రిటైరయినవాణ్ణి. నాకు తెలిసిన విషయాల్లో చాలావరకు మీ పాఠ్యపుస్తకాల్లోనే ఉన్నాయి. అయితే మొదట మా తాతయ్య దగ్గర, ఆ తర్వాత మన కాలేజీ గుర్రపుసాలలో ఒక ఆడగుర్రం దగ్గర నేను నేర్చుకున్నది ఒకటుంది. అదే రాస్తున్నాను.

మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ళ నాన్న, తెనాలి రైలుస్టేషను దగ్గర జట్కా తోలేవాడు. సెలవులకు వెళ్ళినప్పుడల్లా నేను ఆయన పక్కనే మంచం వేసుకుని పడుకునేవాణ్ణి. తెల్లవారుజామున మద్రాసు వైపు బండి అందుకోవాలి. అయినా ఆయనకు తొందర ఉండేది కాదు. లాంతరు పట్టుకుని సాలకు నాలుగడుగుల దూరంలో ఆగి, "అమ్మా రాణీ, వస్తన్నా" అని పిలిచేవాడు. లోపలికి వెళ్ళి గుర్రం ఎడమ భుజం దగ్గర ఊరికే నిలబడేవాడు. చేతి వెనకవైపు దాని ముక్కు దగ్గర పెట్టి వాసన చూడనిచ్చేవాడు. ఆ తర్వాత మూపు మీద పిడికిలి కణుపులతో మెల్లగా గోకేవాడు. ఇదంతా అయ్యాకే కళ్ళెం, పగ్గాలు, బండి.

తోటి జట్కావాళ్ళు నవ్వేవారు. "ఏం మావా, అత్తని కూడా ఇంత బతిమాలవు గదా!" అనేవారు. "మీ అత్త అలిగితే ఓ పూట అన్నం ఉండదు, అంతేగా. ఇది అలిగితే బండి పోయి కాలవలో పడుద్ది" అనేవాడు తాతయ్య.

భారతంలో నలమహారాజు కథ మీకు తెలిసిందే. రాజ్యం పోగొట్టుకున్న నలుడు బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుడి దగ్గర సారథిగా చేరతాడు. ఋతుపర్ణుడికి అక్షహృదయం, అంటే పాచికల రహస్యం తెలుసు. నలుడికి అశ్వహృదయం తెలుసు. ఒకరి విద్య ఒకరికి ఇచ్చుకుంటారు. చిన్నప్పుడు అశ్వహృదయమంటే చెవిలో ఊదే మంత్రమేదో అనుకునేవాణ్ణి. తాతయ్య రోజూ నా కళ్ళ ముందు చేసేది అదేనని తెలుసుకోవటానికి నేను ఇరవై ఏళ్ళవాణ్ణి కావాల్సి వచ్చింది. అదైనా ఒక తప్పు చేశాక.

గుర్రానికి లోకం ఎలా కనిపిస్తుంది?

ముందు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. కుక్క వేటాడే జంతువుల సంతతి. గుర్రం వేటకు బలయ్యే జంతువుల సంతతి. ఇప్పుడు మనం పెంచే గుర్రాల పూర్వీకులు సుమారు 4,200 ఏళ్ళ కిందట, వోల్గా, డాన్ నదుల దిగువ మైదానాల్లో మచ్చికయ్యాయని 2021లో వెలువడిన జన్యుపరిశోధన తేల్చింది. అంతకు ముందు లక్షల ఏళ్ళు వాటిని బతికించినది ఒక్కటే. అనుమానం రాగానే పరుగెత్తటం. నాలుగువేల ఏళ్ళ మచ్చిక ఆ భయాన్ని తుడిచెయ్యలేదు.

దాని కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. అందువల్ల తల తిప్పకుండానే సుమారు 350 డిగ్రీల మేర చూడగలదు. చూడలేని చోట్లు రెండే. ఒకటి సరిగ్గా తోక వెనక. రెండోది నుదుటికి ఎదురుగా, మూతి కింద. మనవాళ్ళు గుర్రం దగ్గరికి వెళ్ళేది సాధారణంగా ఈ రెండు చోట్ల నుంచే! ఒకడు వెనకనుంచి వచ్చి తొడ మీద చరుస్తాడు, ఇంకొకడు ఎదురుగా వచ్చి నుదుటి మీద చెయ్యి వేస్తాడు. ఇద్దరి చేతులూ దానికి శూన్యంలోంచి ఊడిపడ్డట్టే ఉంటాయి. తాతయ్య భుజం దగ్గర ఎందుకు నిలబడేవాడో ఇప్పుడు తెలిసిందిగా. మనిషి అక్కడుంటే దానికి బాగా కనిపిస్తాడు.

వెలుతురులోంచి చీకట్లోకి వెళ్తే దాని కళ్ళు సర్దుకోటానికి మనకంటే ఎక్కువసేపు పడుతుంది. చీకటి సాల గుమ్మంలో గుర్రం ఆగిపోతే మొండికేసిందంటాం. పాపం, దానికి లోపలేమీ కనపడటం లేదన్నమాట. ఇక చెవుల సంగతి. మన చెవికి 20,000 హెర్ట్‌జ్ దగ్గరే హద్దు వస్తే, గుర్రం చెవి 33,000 వరకూ అందుకుంటుంది. చర్మం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఈగ వాలితే ఆ వాలినచోట మాత్రమే చర్మాన్ని వణికించి తోలేస్తుంది. అలాంటి ఒంటి మీద మనవాళ్ళు మడమలతో డోలు వాయించి, "దీనికి బుద్ధి లేదు" అంటారు.

అది మాట్లాడుతూనే ఉంటుంది

గుర్రం సకిలిస్తేనే మాట్లాడిందనుకుంటాం. నిజానికి గొంతుతో చెప్పేది తక్కువ, ఒంటితో చెప్పేది ఎక్కువ. చెవులు ముందుకు నిక్కపొడిస్తే దాని ధ్యాస ముందున్నదాని మీద ఉందన్నమాట. ఒక చెవి మీవైపు తిరిగిందంటే మిమ్మల్ని వింటోందన్నమాట. రెండు చెవులూ వెనక్కి మెడకు అంటుకుపోతే, "ఇక చాలు, దూరం జరుగు" అని. తల పైకెత్తి, ముక్కుపుటాలు బిగించి, కంటి తెల్లగుడ్డు చూపిస్తే భయం. తల దించి, కింది పెదవి వదులు చేసి, వెనక కాలొకటి మడిచి నిలబడితే నిశ్చింత. నమిలి పెదవులు నాక్కుంటే "లొంగింది" అని పాతవాళ్ళు చెప్పేవారు. అది లొంగుబాటు కాదు, బిగువు సడలుతోందని తెలిపే గుర్తు.

2015లో ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు గుర్రం ముఖకవళికలన్నీ లెక్కగట్టి 17 కదలికలు గుర్తించారు. మనిషికి 27, కుక్కకు 16. అంటే ముఖంతో మాట్లాడటంలో గుర్రం కుక్కకు తీసిపోదు. చదవటం రానిది మనకే.

మరి మన ముఖాన్ని అది చదవగలదా? బ్రహ్మాండంగా. 1904 ప్రాంతంలో బెర్లిన్ నగరంలో విల్హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే రిటైరయిన లెక్కల మాస్టారి దగ్గర హాన్స్ అనే గుర్రం ఉండేది. కూడిక అడిగినా, భాగహారం అడిగినా గిట్టతో నేలమీద తట్టి జవాబు చెప్పేది. జనం విరగబడి చూశారు. చివరికి ఆస్కర్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు అసలు సంగతి కనిపెట్టి 1907లో ప్రకటించాడు. ప్రశ్న అడిగినవాడికే జవాబు తెలియకపోయినా, అతను గుర్రానికి కనపడకుండా చేసినా హాన్స్ తప్పేది. గిట్ట తట్టటం మొదలవగానే అడిగినవాడు తనకు తెలియకుండానే కొంచెం ముందుకు వంగుతాడు. సరైన అంకె రాగానే తల రవ్వంత పైకెత్తుతాడు. హాన్స్ చదివింది ఆ రవ్వంతనే. ఈ కథ చెప్పి, "గుర్రానికి లెక్కలు రావని తేలింది" అని నవ్వేస్తారు చాలామంది. నాకు మాత్రం, ఎదుటి మనిషికే తెలియని అతని మనసు గుర్రానికి తెలిసిందనిపిస్తుంది.

2016లో ససెక్స్ వాళ్ళే 28 గుర్రాలకు మనుషుల ఫోటోలు చూపించారు. కోపంతో ఉన్న ముఖం చూసినప్పుడు వాటి గుండె త్వరగా వేగం పుంజుకుంది. 2018లో ఇంకో మెట్టు ఎక్కారు. పొద్దున ఫోటోలో కోపంగా కనిపించిన మనిషి కొన్ని గంటల తర్వాత మామూలు ముఖంతో ఎదురైనా, గుర్రాలు అతన్ని అనుమానంగానే చూశాయి. ఈ సంగతి చదివినప్పుడు నాకు బిజిలీ గుర్తొచ్చింది.

బిజిలీ

1985లో నేను ఇక్కడే విద్యార్థిని. ఎన్.సి.సి.లో గుర్రపుస్వారీ విభాగం. మాకు నేర్పే దఫేదారు రాజస్థాన్ మనిషి. మేమంతా ఉస్తాద్ అనేవాళ్ళం. నా వంతుకు వచ్చిన ఆడగుర్రం బిజిలీ, ఎర్రటి ఒళ్ళు, నల్ల జూలు. ఆరునెలలు మా ఇద్దరికీ బాగానే కుదిరింది.

'బి' సర్టిఫికెట్ పరీక్ష దగ్గరపడుతున్న రోజులు. ఒకనాడు ఆలస్యంగా లేచాను. పరేడ్‌కు టైము మించిపోయింది. బిజిలీ కళ్ళెం దగ్గరికి రాకుండా రెండుసార్లు తల తిప్పుకుంది. పక్కనున్నవాళ్ళు నవ్వారు. నాకు ఒళ్ళు మండి, పగ్గం కొసతో దాని ముఖం మీద రెండు దెబ్బలు వేశాను. కళ్ళెం పెట్టించుకుంది. ఆ రోజు చెప్పినట్టే నడిచింది కూడా. నేనే గెలిచాననుకున్నాను.

మర్నాటి నుంచి నన్ను పది అడుగుల దూరంలో కూడా నిలవనియ్యలేదు. మిగతావాళ్ళు పట్టుకుంటే ఊరుకునేది. నేను గేటు దగ్గర కనిపిస్తే చాలు, అటు చివరికి పోయి నాకు వీపు పెట్టి నిలబడేది. బెల్లం చూపించాను, ఉలవలు చూపించాను, రాలేదు. వారం తర్వాత ఉస్తాద్ దగ్గరికి వెళ్ళి జరిగింది ఒప్పుకున్నాను. ఆయన తిట్టలేదు. "ఘోడా హాథ్ నహీఁ భూల్తా" అన్నాడు. గుర్రం చేతిని మర్చిపోదని. ఆ తర్వాత శిక్ష వేశాడు. పదిహేను రోజులు జీను ముట్టుకోకూడదు. రోజూ అరగంట దాని ఆవరణలో కూచోవాలి. పిలవకూడదు, చెయ్యి చాపకూడదు, తిండి చూపకూడదు.

అనాటమీ పుస్తకం పట్టుకుని వెళ్ళి తిరగేసిన బకెట్ మీద కూచునేవాణ్ణి. మొదటి మూడు రోజులూ అటు చివరే. నాలుగోనాడు మేస్తూ సగం దూరం వచ్చింది. ఆరోనాడు పుస్తకం మీద వేడి ఊపిరి తగిలింది. చెయ్యి ఎత్తాలని ఎంత అనిపించిందో చెప్పలేను. ఎత్తలేదు. తొమ్మిదోనాడు భుజం తెచ్చి నా పక్కన నిలబెట్టింది. అప్పుడు తాతయ్య గుర్తొచ్చాడు. మూపు మీద పిడికిలి కణుపులతో గోకాను. దాని పై పెదవి ముందుకు సాగి వణికింది. పధ్నాలుగోనాడు నేను లేచి గేటు వైపు నడుస్తుంటే నా వెనకాలే వచ్చింది.

పరీక్ష ప్యాసయ్యాను. కానీ ఒకటి చెప్పకపోతే అబద్ధమవుతుంది. ఆ తర్వాత నేను కాలేజీ వదిలేదాకా, నా కుడిచెయ్యి ఎప్పుడైనా గబుక్కున భుజం దాటి పైకి లేస్తే బిజిలీ తల విదిలించేది. దెబ్బలకు పట్టింది అయిదు సెకన్లు. వాటి గుర్తు మాత్రం ఎన్ని నెలలైనా పోలేదు.

నమ్మకం ఎలా కుదురుతుంది?

జెనొఫన్ అనే గ్రీకు సేనాని సుమారు 2,350 ఏళ్ళ కిందట గుర్రపుస్వారీ మీద పుస్తకం రాశాడు. కోపంలో గుర్రం జోలికి పోవద్దన్నది ఆయన ముఖ్యంగా చెప్పిన మాట. ఇప్పటి శాస్త్రం ఆ మాటకు కారణాలు చెబుతోంది.

గుర్రానికి మనం నేర్పేదంతా ఒత్తిడి పెట్టటం, తీసెయ్యటం మీదే నడుస్తుంది. పగ్గం కొంచెం లాగుతాం, గుర్రం ఆగుతుంది, వెంటనే వదులు చేస్తాం. అది నేర్చుకునేది లాగినప్పుడు కాదు, వదిలినప్పుడు. ఆగిన తర్వాత కూడా లాగుతూనే ఉంటే, ఆగినా లాభం లేదని నేర్చుకుంటుంది. అలా నోరు మొద్దుబారిన గుర్రాన్నే మనం మొండిదంటాం. శిక్షకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. అది చేసిన పనికీ పడిన దెబ్బకీ మధ్య కాస్త వ్యవధి వస్తే చాలు, దెబ్బను ఆ పనితో కలపదు, మనిషితో కలుపుతుంది.

మూపు మీద గోకటానికీ శాస్త్రముంది. గుర్రాలు ఒకదాన్నొకటి పళ్ళతో గోక్కునేది ఎక్కువగా అక్కడే. అక్కడ గోకితే గుండె వేగం తగ్గుతుందని 1993లో వెలువడిన ఒక పరిశోధన చూపించింది. మెచ్చుకోలుగా మెడమీద చప్పట్లు చరవటం మన సంతోషానికే. 2010లో ఫ్రాన్సు శాస్త్రవేత్తలు, చెప్పినపని చేయగానే చిన్న మేత బహుమానంగా ఇచ్చి కొన్ని గుర్రాలకు తర్ఫీదిచ్చారు. అవి త్వరగా నేర్చుకోవటమే కాదు, నెలల తర్వాత కూడా మనుషుల దగ్గరికి తమంత తామే వచ్చాయి.

"పొగరెక్కింది సార్"

ఉద్యోగంలో ఉండగా ఒకసారి పెళ్ళి ఊరేగింపుల గుర్రాన్ని ఆసుపత్రికి తీసుకొచ్చారు. నలుగురు పట్టుకున్నారు. మూతికి తాడు మెలివేసి ఉంది. "ఇదివరకు చంటిపిల్లలెక్కినా ఊరుకునేది సార్. ఇప్పుడు కళ్ళెం చూస్తే ముందుకాళ్ళు లేపుతోంది. పొగరెక్కింది. లొంగటానికి ఏదైనా ఇంజెక్షన్ ఇవ్వండి" అన్నాడు యజమాని.

నోరు తెరిపించి టార్చి వేసి చూశాను. గుర్రం దవడపళ్ళు జీవితాంతం చిగుళ్ళలోంచి పైకి వస్తూనే ఉంటాయి. నమిలేకొద్దీ అరుగుతుంటాయి. సరిగా అరగకపోతే పైపళ్ళ బయటి అంచులు, కిందిపళ్ళ లోపలి అంచులు కత్తుల్లా తేలతాయి. దీనికి అదే జరిగింది. బుగ్గ లోపల పుండ్లు. కళ్ళెం బిగించినప్పుడల్లా బుగ్గ వెళ్ళి ఆ పళ్ళకు గుచ్చుకుంటోంది. ఆకురాయితో అంచులు అరగదీసి, పుండ్లు మానేదాకా కళ్ళెం వద్దన్నాను. పుండ్లు అతనికి కూడా చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, "మూడు నెలలుగా కొడుతున్నాను సార్" అని అటు తిరిగి కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

గుర్రం బాధను ముఖంలో ఎక్కడ చూడాలో 2014లో శాస్త్రవేత్తలు ఆరు గుర్తులుగా విభజించి చెప్పారు. వెనక్కి బిగుసుకున్న చెవులు, కంటి చుట్టూ బిగువు, దవడ కండరాల బిగువు, ఇలా. అప్పట్లో నాకు ఆ పట్టిక లేదు, టార్చి ఉంది. ఏ పనిముట్టయినా సరేగాని, "ఎందుకు వద్దంటోంది?" అన్న ప్రశ్న మనకు ముందు రావాలి.

2016లో నార్వేలో ఒక చక్కని ప్రయోగం జరిగింది. 23 గుర్రాలకు మూడు గుర్తులున్న పలకలు నేర్పారు. ఒకటి దుప్పటి కప్పమని, ఒకటి తీసెయ్యమని, ఒకటి ఉన్నట్టే ఉంచమని. గుర్రాలన్నీ నేర్చుకున్నాయి. చలి, వాన ఉన్న రోజు కప్పమన్నాయి, ఎండకాసిన రోజు తీసెయ్యమన్నాయి. అడగటం మనం మొదలుపెడితే చెప్పటానికి అవి ఎప్పుడూ సిద్ధమే.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. కదలకుండా నిలబడి, ఏం చేసినా ఊరుకునే గుర్రాన్ని చూసి, "ఎంత నమ్మకమో" అంటారు. అన్నివేళలా అది నమ్మకం కాదు. ఎన్నిసార్లు వద్దన్నా వినేవాడు లేనప్పుడు, చెప్పటమే మానేసిన గుర్రాలను నేను చూశాను. వాటి కళ్ళలో కాంతి ఉండదు, చెవులు ఏ చప్పుడుకూ తిరగవు. నేను రెండు దెబ్బలు వేసిన రోజున బిజిలీ చెప్పినట్టు నడిచింది గదా, అదీ ఆ కోవలోదే. గుర్రం మన మాట వినటం విధేయత. దాని మాట మనం వింటామని దానికి తెలియటం నమ్మకం. మొదటిది కొట్టి కూడా తెప్పించవచ్చు, రెండోది కుదరదు.

రాణి వెళ్ళిన రోజు

మన దేశంలో గుర్రాలు తరిగిపోతున్నాయి. 2012 పశుగణనలో సుమారు 6.25 లక్షలున్న గుర్రాలు, పోనీలు 2019 నాటికి 3.4 లక్షలకు పడిపోయాయి. మా ఊళ్ళో అయితే ఈ తరుగుదల ఎప్పుడో మొదలైంది. ఆటోలొచ్చాక జట్కా ఎక్కేవాళ్ళు తగ్గిపోయారు. 1981లో తాతయ్య రాణిని అమ్మేశాడు. కొన్నాయన పొరుగూరి రైతు. డబ్బు చేతిలో పెట్టి పగ్గం అందుకోబోతే తాతయ్య ఇవ్వలేదు. "మీ వాడెవడు దీన్ని చూసేది?" అని అడిగాడు. పన్నెండేళ్ళ కొడుకును చూపించాడాయన. "వీణ్ణి మూడ్రోజులు నా దగ్గరుంచి వెళ్ళు. గుర్రాన్ని డబ్బులకిచ్చా, దాని అలవాట్లు ఊరికే ఇస్తా" అన్నాడు తాతయ్య.

ఆ మూడు రోజులూ ఆ కుర్రాడు మా మంచాల పక్కనే పడుకున్నాడు. నాలుగోనాడు తెల్లవారుజామున లాంతరు వాడే పట్టుకున్నాడు. సాలకు నాలుగడుగుల దూరంలో ఆగి, కొంచెం సిగ్గుపడుతూ, "అమ్మా రాణీ, వస్తన్నా" అన్నాడు. రాణి చెవి వాడివైపు తిరిగింది. కాసేపటికి వాడి వెనకాలే నడిచిపోయింది. తాతయ్య మలుపు దాకా కూడా వెళ్ళలేదు. ఖాళీ ఉలవల గోతాం మడతపెడుతూ అరుగు మీద కూచుండిపోయాడు.

ఈ పేజీ చదివే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మీలో ఎవరికైనా రేపు పొద్దున గుర్రపుసాల డ్యూటీ ఉంటే, ఒక్క అయిదు నిమిషాలు ముందు వెళ్ళండి. తలుపు తియ్యకముందే పేరు పెట్టి పిలవండి. భుజం దగ్గర నిలబడండి. ఏ చెవి ఎటు తిరిగిందో చూసి, ఆ తర్వాత కళ్ళెం తియ్యండి.